పర్పుల్ పెసరట్టు నిశ్శబ్ద యుగం

రాఘవులుగారిని ఏమడిగినా తన బ్యాండ్ చరిత్రే చెబుతారు. పార్సిప్పనీలో ఆయన పక్క టౌన్‌హౌస్‌లో కొత్తగా దిగిన విజయశ్రీ, చెత్తబండి ఏ రోజు వస్తుందని అడిగి ఈ సంగతి తెలుసుకుంది.

"చెత్తబండా? రెండువేల మూడులో, అమ్మా, మా 'పర్పుల్ పెసరట్టు' ఈ గ్యారేజ్‌లోనే స్టార్ట్ చేశాం. సైకడెలిక్ గ్యారేజ్ రాక్! మొదటి డ్రమ్మర్ అలిగి డాలస్ వెళ్లిపోయాడు. అప్పుడు దామోదర్ వచ్చాడు..."

ఆ వారం చెత్త అలాగే ఉండిపోయింది.

ఎన్నిసార్లు చెప్పినా ఆ చరిత్ర రెండువేల పన్నెండు జూన్ దగ్గర ఆగిపోయేది. "అక్కణ్ణుంచి... వేరే దశ లెండి" అని నసిగేవారు.

విజయశ్రీ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. సైకడెలిక్ అనగానే ఆమెకి పాట వినపడదు, మత్తుమందుల అణునిర్మాణం కనపడుతుంది. పైగా ఆర్నెల్ల విహాన్ పడుకునేది ఆ గ్యారేజ్ గోడకి ఇవతలే.

"రాక్ బ్యాండ్ అంటారు, చప్పుడే లేదు!" అంది భర్తతో.

"మంచిదేగా" అన్నాడు ఉదయ్.

"వాసనొస్తోంది."

"సాంబ్రాణి."

"అదే! దాంతో ఏ వాసన కప్పిపెడుతున్నారో?"

డిసెంబర్‌లో ఓ శనివారం మధ్యాహ్నం, విహాన్‌ని పడుకోబెట్టి గ్యారేజ్ కిటికీ అద్దంలోంచి తొంగిచూసింది. మంకీ క్యాపుల్లో నలుగురు మగాళ్లు, భుజాల వరకే కనపడుతున్నారు. కళ్లు మూసుకుని ఊగిపోతున్నారు. చెమటలు. చప్పుడు మాత్రం లేదు.

కాలనీ అసోసియేషన్‌కి ఒక్క ఫోన్ చేస్తే ఆ గ్యారేజ్‌కి తాళమే. నంబర్ నొక్కబోయింది. కానీ శాంపిల్ చూడకుండా రిపోర్ట్ రాసే అలవాటు లేదు. తలుపు తోసింది.

"ఏం తీసుకున్నారు మీరంతా?"

రాఘవులుగారు ఉలిక్కిపడి క్యాప్ లాగారు. కింద, గిటార్ ఆంప్‌కి తగిలించిన హెడ్‌ఫోన్స్. "టీ తీసుకున్నామమ్మా. నువ్వూ తాగుతావా?"

డ్రమ్స్ మీద మందంగా బొంతలు కప్పి ఉన్నాయి.

"మరి ఈ బొంతలు?"

"మా ఆవిడవి" అన్నాడు దామోదర్. "ముక్కిన వాసన పోవడానికి రోజూ సాంబ్రాణి వేస్తున్నాం. చెప్పవేం గురూ, అడక్కపోయినా అన్నిటికీ చరిత్ర చెప్తావుగా!"

రాఘవులుగారు తలొంచుకుని, జీవితంలో మొదటిసారి, అడిగినదానికే జవాబిచ్చారు.

"బాబు పడుకుంటాడని."

వాళ్లు విహాన్‌తో ఆ ఇంట్లో దిగింది సరిగ్గా ఆ రెండువేల పన్నెండు జూన్‌లోనే. విజయశ్రీ ఫోన్ జేబులో పెట్టేసుకుంది. సరిగ్గా అప్పుడే గోడవతల కేర్‌మని ఏడుపు.

"లేచాడు" అంది. "ఇంక ఆ హెడ్‌ఫోన్స్ పీకేయండి."

పీకేశారు. గోడ అదిరింది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

మర్నాడు, మంచు తీసే బండి ఎప్పుడొస్తుందని ఉదయ్ అడిగాడు.

"మంచు బండా? రెండువేల పన్నెండు జూన్‌లో, బాబూ, మా బ్యాండ్‌కి విహాన్ అని చాలా స్ట్రిక్ట్ మేనేజర్ వచ్చాడు..."