కళ్లు మూసుకుని తలుపు దాకా

రిటైరయ్యే ముందు ఏడాది కొత్తవాడలోని ఒక జంపఖానాల కార్ఖానాలో వెనక తలుపుకు ప్యానిక్ బార్ బిగించాను. తలుపుకు అడ్డంగా ఉండే ఆ కడ్డీని ఒంటితో నెడితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. మంటలొస్తే పొగలో గడియ వెతకనక్కర్లేదు.

బిగించాక అక్కడ పనిచేసేవాళ్లను కళ్లు మూసుకుని తలుపు దాకా నడవమనడం నా అలవాటు. ఆ మధ్యాహ్నం మగ్గాలు ఆపించి, నేతపనివాళ్లు ఆరుగురినీ అదే అడిగాను.

"గీ ఆటలేంది సారూ? మేం చిన్నపిల్లలమా?" అని ఒక పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు మూసుకుంది.

ఆరుగురూ తడబడకుండా ఒకే వైపు నడిచారు. తలుపు వైపు కాదు. దానికి పదడుగుల అవతల గోడకు అరచేతులు ఆనించి నెట్టసాగారు. వాళ్ల వేళ్ల కింద సున్నం రాలుతున్న చప్పుడు వినిపించింది. ఇదంతా ఆ రోజే డైరీలో రాసుకున్నాను. ఆ పేజీని ఇప్పటికీ పగలే చదువుతాను.

"గాడ పాత దర్వాజ ఉండె," అన్నాడు యజమాని మెల్లగా. "వాస్తు బాగలేదంటే మూయించిన. అయిదేండ్లాయె."

"రోజూ కొత్తదాంట్లకెళ్లే పోతం గద," అంది పెద్దమ్మ, తన చేతులు చూసుకుంటూ. "మరి గీడికెట్లొచ్చిన?"

"పొగల గూడ గీడికే వస్తరు," అన్నాను యజమానితో. "గోడ పగలగొట్టిచ్చి దర్వాజ పెట్టియ్యన్నా. గీ బార్ దానికి బిగిస్త."

సిద్ధాంతిని అడుగుతానన్నాడు. అతన్నీ కళ్లు మూసుకుని నడవమన్నాను. గోడ వైపే నాలుగడుగులు వేసి, ఆగి కళ్లు తెరిచాడు. తర్వాత ఫోన్ తీసి మేస్త్రీని పిలిచాడు.