స్నానం అయ్యాకే

వేరుశనగలు వేయించే ఆవిడ మూకుడు ముందు నిలబడిందంటే కొట్టు దగ్గర జనం పోగవుతారు. గింజల చిటపటలు విని, చూడకుండానే అదును తెలుసుకుని దించేస్తుంది. "నీ చెయ్యి పడందే రుచి రాదమ్మా" అంటాడు యజమాని. పొట్టు చెరుగుతుంటే ఎర్రటి పొరలు ఆవిడ జుట్టులో, బట్టల మడతల్లో, గోళ్ల సందుల్లో చేరతాయి. కొనడానికి వచ్చినవాళ్ల పిల్లలకు తలో గుప్పెడు పోసి, బుగ్గ గిల్లి పంపుతుంది. సొంత కూతుర్ని మాత్రం అలా ముట్టుకోవడానికి లేదు. పాపకు వేరుశనగ పడదు. ఒకసారి పని నుంచి వస్తూనే పెట్టిన ముద్దుకి పాప ముఖమంతా ఉబ్బిపోయి, ఊపిరాడక, ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆవిడ పెరటి దారినే ఇంట్లోకి వస్తుంది. తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, గోళ్లు బ్రష్షుతో రుద్దుకుని చేతులు చాచేసరికి పాప తండ్రి భుజం మీద నిద్రపోయి ఉంటుంది.

మొన్న కొట్టుకి సెలవు. పొద్దున్నే తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, నేల మీద చతికిలబడి "రా తల్లీ!" అంది. పాప పరుగున వచ్చి, మూరెడు దూరంలో ఠక్కున ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"స్నానం చేశావా అమ్మా?"

"చేశానే బంగారం. ఇవాళ పనికే వెళ్లలేదుగా!"

పాప కదల్లేదు. ఆవిడ లేచి, శుభ్రంగా ఉన్న చేతుల్నే మోచేతుల దాకా సబ్బు పెట్టి మళ్లీ కడిగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పాప మెల్లగా అంది.

"గోళ్లు కూడా."

ఆవిడ తలెత్తకుండా బ్రష్షు అందుకుంది.