మేనమామలు పట్టిన గంప

ఇరవై ఏళ్లుగా ఒక ఫోటో నా గుండెల మీద బరువుగా ఉంది. చూసినవాళ్లంతా మురిసిపోతారు. నాకు మాత్రం ఎవరు మెచ్చుకున్నా చెమట పడుతుంది. మీకు చెప్పేస్తాను. ఆ ఫోటోలో ఉన్నవాళ్లకు మీరెవరో తెలియదు కదా.

బందరులో నాది చిన్న స్టూడియో. కంప్యూటరు కొత్తగా కొన్న రోజులవి. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌తో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్లకు కోటు తొడిగేవాణ్ణి, మొటిమలు తుడిచేవాణ్ణి, ఏనాడూ కలిసి ఫోటో దిగని తాతా నాయనమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టేవాణ్ణి. అందులో తప్పేముంది? వాళ్లే అడిగి చేయించుకునేవారు. ఇది ఎవరూ అడగకుండా చేశాను.

ఒక పెళ్లి. పెళ్లికూతురి మేనమామలు ఇద్దరూ కృత్తివెన్ను నుంచి వచ్చారు. పక్కపక్కనే చేపల చెరువులు, మధ్యలో ఒక గట్టు. ఆ గట్టు ఎవరిదన్న గొడవతో ఏడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకు రావాల్సింది మాత్రం వాళ్లిద్దరే. వాళ్ల అక్క, అంటే పెళ్లికూతురి తల్లి, ముందే నన్ను పక్కకు పిలిచి, తమ్ముళ్లిద్దరూ కలిసి గంప పట్టుకున్న ఫోటో ఒక్కటి బాగా వస్తే చాలని బతిమాలింది.

తీశాను. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా మోశారు. ఆవిడ అడిగినట్టు రాలేదన్న కంగారులో రీలు వెనక్కి చుట్టకుండానే కెమెరా వెనక మూత తీసేశాను. వెలుతురు పడి ఆ ఫోటోలన్నీ పోయాయి.

ఆవిడకు ఏం చెప్పను? నిజం చెప్పాల్సింది. పరువు పోతుందని భయపడ్డాను. వేరే రీలులోని భోజనాల ఫోటోల్లో, మేనమామల్లో పెద్దాయన అన్నం గంప ఒక వైపు పట్టుకుని, భుజం మీద తువ్వాలు జారుతుంటే నవ్వుతున్నాడు. అటువైపు వంటాయన. వంటాయన ఒంటి మీద చిన్నాయన తల పెట్టాను. ఆ తల పంక్తిలోది, మూడో బూరె వడ్డిస్తుంటే నవ్విన మొహం. అన్నం తీసేసి పీటల మీది పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, భలే కుదిరింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వుతున్నట్టే ఉంది.

ఆల్బం ఇచ్చిన వారానికి పెద్దాయన ఒక్కడే వచ్చాడు. దొరికిపోయాననుకున్నాను. ఆ పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"ఏవండీ, మావాడు నిజంగా నావంక చూసే నవ్వాడంటారా?"

"మీవంకేనండి."

"మరి నాకప్పుడు కనపళ్ళేదేంటండీ?"

"మీరు గంప చూసుకుంటున్నారు కదండీ."

ఆయన ఆ పేజీ మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఆల్బం చంకలో పెట్టుకుని తిన్నగా తమ్ముడి ఇంటికే వెళ్లాడట. ఆ వేసవిలో గట్టు కొట్టించి రెండు చెరువులూ ఒకటి చేశారు. అక్కగారు స్వీటు డబ్బాతో వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ స్వీటు తిన్నాను. బాగుంది కూడా. అదే నన్ను తినేస్తోంది.

నేను బాగుచేసింది బంధాన్నా, నా తప్పునా? బూరెను చూసి నవ్విన నవ్వు మీద రెండు కుటుంబాలు నిలబడి ఉంటే, చెప్పడం మంచిదా, నోరు మూసుకోవడం మంచిదా? ఇంకో చిక్కు ఉంది. "గంప ఎత్తగానే అన్నయ్య నావంక చూసి నవ్వాడు, నాకూ నవ్వు ఆగలేదు" అని చిన్నాయన అందరికీ చెబుతాడు. ఆయనకది గుర్తుంది! జరగనిదాన్ని ఆయన మనసులో పెట్టింది నేనే కదా.

మొన్న ఇద్దరూ కలిసి ఫోటో దిగుతామని వచ్చారు. కుర్చీల్లో కూర్చుని ఆ పెళ్లినాడు నవ్వినట్టే నవ్వమంటారా అని అడిగారు. తలూపాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఎవరి తలా ఎవరి ఒంటి మీదా అతికించనక్కర్లేకుండా, కడుపారా నవ్వారు. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

వాళ్లకు చెప్పలేనిది మీకు చెప్పాను. క్షమించమని అడగను. చెప్పినందుకే ప్రాణం హాయిగా ఉంది.