కడవ ఎందుకు వదిలేసింది?

మా లెక్కల టీచరమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున నంద్యాలలో నేను గిన్నెలు తోముకుంటుంటే, ఆళ్లగడ్డ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త పోయింది. నిద్రలోనే" అని మాత్రం చెప్పి పెట్టేసింది. తడి చేతులతో అట్లాగే నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది బెంగ. ఆమె ఇంట్లో నేను చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది, అది ఇంక ఆమె చూడదు.

చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మూడేళ్లు ఆమె ఇంటికి ట్యూషన్‌కు పోయాను. మాది భూములున్న ఇల్లు. ఆమెది చర్చి వెనక పేట. లెక్కలు నేర్చుకోవచ్చు గానీ "ఆడ నీళ్లు గూడా ముట్టొద్దు" అని మా అమ్మ బాటిలు నింపి పంపేది. టీచరమ్మ మా ఇంటికొస్తే ఆమె గ్లాసు వేరు. వసారా గూట్లో బోర్లించి ఉండేది. దాన్ని ఆమే తీసుకుని, తాగి, ఆమే కడిగి బోర్లించేది. నేను చూశాను. నేను చూడడం ఆమె కూడా చూసింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తప్పు లెక్కను ఆమె ఎప్పుడూ కొట్టేసేది కాదు. పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టేది. "తప్పని నేనెందుకు చెప్పాల? నువ్వే కనుక్కో" అనేది. నేనా, ప్రశ్నల పుట్టను. లెక్కలు వదిలి బల్ల మీదున్న బైబిలు మీద పడేదాన్ని.

"జీవపు రొట్టె నేనే అన్నాడంట కదా టీచర్ మీ దేవుడు. ఏ రొట్టె, జొన్నదా?"

"వాళ్ల సీమలో యవల రొట్టెలంట పాపా. ఈడ పుట్టింటే జొన్నదే" అని పడీపడీ నవ్వింది.

చర్చిలో గోరంత ముక్క పెడతారని విని, దానికి కడుపు నిండుతుందా అని ఇంకో రోజు అడిగాను. "కడుపుకు ఇంట్లోనే తిని పోతాం. ఆడ ఒకే రొట్టెను అందరం ఇరుచుకుంటాం. ఇరిసినాక ఎవరి ముక్క పెద్దదో చూసుకోం, అంతే" అంది.

నన్ను పట్టుకున్నది మాత్రం నీళ్ల కథ. మిట్టమధ్యాహ్నం యేసు అలిసిపోయి బావి కాడ కూర్చున్నాడు. పొరుగు జాతి ఆడమనిషి నీళ్లకొచ్చింది. "వాళ్ల చేతి నీళ్లు వీళ్లు తాగరు. నీకు తెలుసు కదా" అంది టీచరమ్మ. నేను తలవంచుకున్నాను. "ఆయనే ముందు అడిగినాడు, నీళ్లియ్యమ్మా అని."

"తాగితే ఎప్పటికీ దాహం కాని నీళ్లు తన దగ్గరే ఉండాయన్నాడు కదా. మళ్లీ ఆమెను అడిగేదేంది?"

"ఇచ్చేది శానామందికి వస్తాది పాపా. అడిగేదే కష్టం."

ఆయనతో మాట్లాడినాక ఆ ఆడమనిషి కడవను అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తిందట. నాకది అస్సలు మింగుడుపడలేదు. నీళ్లకే కదా వచ్చింది, కడవ ఎందుకు వదిలేసింది? టీచరమ్మ నా నోటుబుక్కు లాక్కుని, మార్జిన్‌లో ప్రశ్న గుర్తు పెట్టి ఇచ్చేసింది.

లోపల పెనం మీద రొట్టె కాలే వాసనకు నాకు నోరూరేది. అయినా ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా తినమని ఆమె అడగలేదు. పిసినారి అనుకున్నాను. నన్ను ఇరకాటంలో పెట్టకూడదని ఊరుకుందని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఎండాకాలం నంద్యాల ఆసుపత్రిలో ఉందని తెలిసి చూడడానికి పోయాను. "నీళ్లియ్యి పాపా" అంది. నా బాటిలిచ్చాను. నోరు పెట్టి తాగి, మూత బిగించి, కొంటెగా చూసింది. "నేనడిగినా. ఇంగ నీ వంతు."

"మీ ఇంటికొస్తాలే టీచర్" అన్నాను. బస్సెక్కితే గంట ప్రయాణం. నాలుగు నెలలు పోలేదు. పనులని చెప్పుకున్నాను. పనులు కాదు. అమ్మ పోయి ఏళ్లయినా, అమ్మ మాట నాలో అట్లాగే ఉంది.

ఫోన్ వచ్చిన మంగళవారమే పోయాను. పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆమెను తీసుకుపోయారు. నేనూ నడిచి, మట్టి వేసి వచ్చాను. గడప దగ్గర ఆమె చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. మా వాళ్లు చావింట్లో పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఇంటికి పోయి తలకు పోసుకున్నాకే ఏదైనా. గొంతు ఎండిపోతోంది.

"నీళ్లియ్యమ్మా" అన్నాను కోడలితో.

ఆమె నా వైపు వింతగా చూసింది. "నీ బాటిల్లో నిండా ఉండాయి కదక్కా?"

"ఉండాయిలే. మీ ఇంటివి ఇయ్యి."

కడవలో ముంచి చెంబుతో ఇచ్చింది. బాటిలు కింద పెట్టి అందుకున్నాను. చెంబును నోటికి కరిచి తాగాను. చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి. చెంబు కడగబోతే, "నువ్వెందుకు కడుగుతావక్కా" అని కోడలు లాక్కుంది. అప్పుడు ఏడ్చాను, వాకిట్లో అందరి ముందూ. చెంబెడు నీళ్లకు ఇన్నేళ్లు పట్టించానే అని.

నంద్యాల బస్సు ఊరు దాటాక అలవాటుగా సంచిలో చెయ్యి పెట్టాను. బాటిలు లేదు. దిగి వెనక్కి పోవాలనిపించలేదు. మూతైనా తీయని ఆ బాటిలు గడప పక్కన, టీచరమ్మ చెప్పుల దగ్గరే ఉండి ఉంటుంది.