అక్క బొటనవేలు

ధర్మపురి బస్టాండు వెనక వీధిలో నాకు ప్లస్ టూ ఫిజిక్స్ ట్యూషన్ చెప్పిన అక్క అంటే, ఇప్పటికీ ఆమె ఎడమ బొటనవేలే గుర్తుకొస్తుంది. పైన రెండు, కింద రెండు, నడుమ అడ్డంగా ఒకటి, ఇట్లా ఐదు రెసిస్టర్లున్న లెక్క వస్తే నడుమదాన్ని ఆ వేలితో మూసేది. "దీంట్లో కరెంటు పోదు. ఇది లేదనుకో" అనేది. మిగిలిన లెక్క రెండు వరుసల్లో తేలిపోయేది.

పరీక్షలో అదే బొమ్మ వచ్చింది. నేనూ వేలితో మూసి చేశాను. తప్పయింది.

దిద్దిన కాగితం అక్కకు చూపించాను.

"పైన రెండూ ఏ నిష్పత్తిలో ఉండాయో, కింద రెండూ అదే నిష్పత్తిలో ఉంటేనే మూస్తాను పాపా. చూసినాకనే గదా మూసేది. నువ్వు ఉత్త వేలే నేర్చుకున్నావా?"

ఆమె ఎప్పుడు చూసేదో నాకు ఒక్కసారీ కనబడలేదు.

ఇప్పుడు నా బిడ్డకు మూడు నెలలు. పాలు తాగినాక గుక్కపట్టి ఏడుస్తుంది. మా అమ్మ ఇక్కడ ఉన్న వారం రోజులూ బోర్లా ఒళ్లో వేసుకుని వీపు నిమిరితే ఊరుకునేది. ఆమె తన ఊరు పాలకోడు వెళ్లిపోయాక నేనూ అట్లాగే నిమురుతున్నాను. ఊరుకోవడం లేదు. ఈ మధ్యాహ్నం ఫోన్‌లో అడిగాను.

"నిమిరే ముందు ఏం చూస్తావమ్మా?"

"చూసేదేముంది? ఊరికే నిమిరేదే" అంది.

అక్క నా తప్పు చూసి, అడగకుండానే చెప్పింది. అమ్మకు తాను చూస్తున్నట్టే తెలియదేమో.

బిడ్డను మళ్లీ ఒళ్లో వేసుకున్నాను. ఈసారి చెయ్యి వేయకుండా ముందు చూస్తూ కూర్చున్నాను. ఏం చూడాలో తెలియలేదు.