మహారాణి ముఖపట్టీ

టైలరమ్మ దుకాణం మూసి రెండేళ్లయినా మెడలోని కొలతల టేపు మాత్రం తీయలేదు. నలభై ఏళ్లు తొక్కిన మోకాళ్లు మొరాయిస్తే మిషన్‌ని మూలకి నెట్టింది కానీ, పొద్దున్నే తల దువ్వుకున్నాక టేపు మెడలో వేసుకుంటే తప్ప ఆమెకి తెల్లారినట్టు ఉండేది కాదు.

ఆమె వదిన, అంటే భర్తకి అక్క, ఊరి చివర రేకుల షెడ్లలో ముసలి గుర్రాల్ని, కుంటి గుర్రాల్ని, ఎవరికీ అక్కర్లేకుండా పోయిన గుర్రాల్ని సాకుతుంది. "ఇంట్లో కూర్చుని గోడలకి జాకెట్లు కుడతావా ఏంటి? వచ్చి లద్దె ఎత్తు" అని పిలిచింది. టైలరమ్మ వెళ్లింది. లద్దె ఎత్తింది, నీళ్లతొట్లు రుద్దింది, గడ్డిమోపుల్ని అంచులు కలిపి పేర్చింది.

"గడ్డికి ఇస్త్రీ కూడా చేసేదానివే, ఇక్కడ కరెంటు లేక ఆగావు" అంది వదిన.

మూడు నెలల కిందట అక్కడికి ఒక ముసలి ఆడగుర్రం వచ్చింది. బిగుతు పట్టీ ఏళ్ల తరబడి ఒరుసుకుని దాని చెవుల వెనక చర్మం కమిలిపోయి ఉంది. కన్ను చుట్టూ తెల్లవెంట్రుకలు, రఫూ చేసినట్టు. మనిషి చెయ్యి చాస్తే చాలు, వెనకగోడకి అతుక్కుపోయేది. ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వదు కాబట్టి వదిన దానికి మహారాణి అని పేరు పెట్టింది.

దాని గిట్టలు పెరిగిపోయి, పాత చెప్పుల ముక్కుల్లా పైకి వంకర తిరిగాయి. పశువుల డాక్టరు చూసి పెదవి విరిచాడు. "ఇంకో నెల ఇలాగే ఉంటే కాలి ఎముక తిరిగిపోతుంది. ఆ తర్వాత లేవడమంటూ ఉండదు. మత్తిచ్చి గిట్టలు చెక్కిద్దామంటే దీని గుండె తట్టుకోదు."

గిట్టలు చెక్కి నాడాలు కొట్టే మేస్త్రి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పనిముట్లు సర్దుకున్నాడు. "తల పట్టుకునే మనిషి లేకుండా నేను కాలు పట్టుకోనమ్మా. నాడా నేను దానికి కొట్టాలి గానీ, అది నా మొహాన కొట్టకూడదు కదా. ఇరవై రోజులకి మళ్లీ వస్తా. అప్పటికి ముఖానికి పట్టీ వేసి నిలబెట్టండి."

టైలరమ్మకి ఆ రఫూ కన్ను మీద మనసు పడింది. రోజూ పని అయ్యాక దాని ముందు నిలబడేది. మిగతావాళ్లని చూస్తే మహారాణి వెనక్కి మాత్రమే పోయేది. టైలరమ్మని చూస్తే వణికేది.

"నేనంటే దీనికి అంత కోపమెందుకు వదినా?"

"నువ్వు కుట్టిన జాకెట్టు ఏ జన్మలోనో బిగుతైనట్టుంది."

ఎనిమిది రోజులు అలాగే పోయాయి. తొమ్మిదోనాడు విరిగిన తలుపు బాగుచేయడానికి వడ్రంగి వచ్చి టేపు అడిగాడు. ఇచ్చింది. అతను పని ముగించి దాన్ని షెడ్డు ఆ చివర మేకుకి తగిలించి వెళ్లాడు. టైలరమ్మ ఆ సంగతే మరిచి, మహారాణి కొట్టంలో వంగి ఊడుస్తోంది. భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలింది. కదల్లేదు. మెత్తటి మూతి మెడ దగ్గరికి వచ్చి వాసన చూసి, జడ కొసని పెదాలతో పట్టుకుని వదిలేసింది.

టైలరమ్మ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. టేపు లేదు.

ఆమె నేరుగా వదిన దగ్గరికి వెళ్లింది. "మూడు నెలలుగా దాని ముందు కొరడా వేలాడేసుకుని తిరిగాను వదినా. వంగినప్పుడల్లా రెండు కొసలూ ఊగుతుంటే వణకదా మరి!"

వదిన ఈసారి జోకు వెయ్యలేదు. లోపలికి వెళ్లి కొన్న ముఖపట్టీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. టైలరమ్మ దాన్ని తిప్పి చూసి వెనక్కిచ్చేసింది.

"ఇది చెవుల మీంచి లాగాలి. చంటిపిల్లల చొక్కాకి వెనక బొందులెందుకు పెడతాం? తల మీంచి లాగితే గుక్కపెట్టి ఏడుస్తారనే కదా. దీనికీ పక్కనించి తెరుచుకునేది కుట్టాలి."

"కొలతలు ఎలా తీస్తావు? టేపు చూపిస్తే గోడెక్కేస్తుంది."

"నా చెయ్యి లేదూ?"

టేపు లేని మనిషిని మహారాణి దగ్గరికి రానిచ్చింది. రోజుకొక కొలత. మేను తోముతూ తోముతూ బుగ్గ మీద చెయ్యి పరిచేది: జానా నాలుగు వేళ్లు. మర్నాడు ముక్కు చుట్టూ. చెవుల వెనక కమిలిన చోటికి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. కొలత దొరికినప్పుడల్లా గుప్పిట్లోని దారానికి ఒక ముడి. సంచులకి వాడే దళసరి పట్టీ పైన, తన పాత నూలుచీర నాలుగు మడతలు లోపల. కచ్చా కుట్టు వేసి తొడిగి చూస్తే ఇనప కొక్కెం టక్కుమన్న శబ్దానికి మహారాణి బెదిరి గోడ పట్టుకుంది. టైలరమ్మ కొక్కెం పీకేసింది. వడ్రంగి చేత పెద్ద చెక్కబొత్తాం చేయించి, దానికి ఖాజా కుట్టింది. రెండోసారి మహారాణి చెవులు మాత్రం ఆడించి ఊరుకుంది.

ఇరవయ్యోనాడు మేస్త్రి వచ్చాడు. "ఇదేంటి, గుర్రానికి జాకెట్టా? చెక్కబొత్తాం ఆపుతుందా దీన్ని?"

"ఆపేది బొత్తాం కాదు. నువ్వు గొంతు తగ్గించి కాలు పట్టుకో బాబూ" అంది టైలరమ్మ. మహారాణి నుదుటికి తన నుదురు ఆనించి నిలబడింది. మొదటి కాలు ఎత్తగానే గుర్రం ఒళ్లంతా బిగిసింది. పట్టీ లాగకుండా ఆమె రెండు వేళ్లు చీరమడత కిందికి పోనిచ్చి, కమిలిన చోట నిమురుతూనే ఉంది. వంకర గిట్ట పెచ్చులు పెచ్చులుగా రాలింది. నాలుగు కాళ్లూ అయ్యేసరికి టైలరమ్మ మోకాళ్లు ఆమెవి కాకుండా పోయాయి. బొత్తాం తీసి, గడ్డిమోపు మీద కూలబడింది.

మహారాణి ఒక అడుగు వేసి ఆగింది. నేల కొత్తగా ఉన్నట్టు ఇంకో అడుగు వేసింది. తర్వాత గిట్టలు నాలుగూ చదునుగా ఆనించుకుంటూ తొట్టిదాకా నడిచి నీళ్లు తాగింది.

మేస్త్రి ముఖపట్టీ చేతిలోకి తీసుకున్నాడు. పైవైపు చూడలేదు, తిరగేసి లోపలి వైపు కుట్టు చూశాడు. బొటనవేలితో పొడవునా రాసి చూసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు. ఆమెకి ఆ మాత్రం చాలు.

ఆ చివర మేకు మీది టేపుని వదిన తెచ్చి చూపింది. "నీ మెడ బోసిగా ఉందే. వేసుకోవా?"

"ఇంటి గుమ్మం దగ్గర వేసుకుంటాలే" అని టైలరమ్మ దాన్ని చుట్టచుట్టి సంచిలో అడుక్కి తోసింది. "ముందు నన్ను లేపు వదినా. అది నడిచింది గానీ, నా కాళ్లే పడిపోయాయి."