పనసపొట్టు కూర గుర్తుతో దొరికిన పద్యాలు

ఆ రోజుల్లో మా తాడేపల్లిగూడెంలో ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఎవరైనా అడిగే మొదటి మాట "ఏ పరీక్షకమ్మా?" అని. పరీక్ష లేకుండా కూడా మనుషులు చదువుతారన్న సంగతి మా వీధిలో ఎవరికీ తోచేది కాదు. పైగా నేను చదివేవి రెక్కల గుర్రాలు, మాట్లాడే చేపలు, నీళ్ళ మీద తేలుతూ ఊళ్ళు తిరిగే లంకలు, వాటిని ఏలే ఒక గయ్యాళి రాణి ఉండే నవలలు. అవి రాసిన పెద్దాయన ఏలూరులోనే ఉండేవారు. ఆయన్ని మేం లంకల తాతగారు అనేవాళ్ళం. ఎంఏ తెలుగు పూర్తి కాగానే, ఆయన నవలల మీద పరిశోధన చేస్తానని ఉత్సాహంగా మా గైడు మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ నవలల మీద ఎంతమంది చేశారో నాకే గుర్తు లేదమ్మా. రెక్కల గుర్రానికి ఈకలు పీకి మరీ చూసేశారు. ఆయన రాసినవాటిలో ఎవరూ ముట్టుకోనివి ఏమైనా ఉంటే పట్టుకురా. సీటు సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే అమ్మ కూర తిప్పుతూనే తన తీర్పు చెప్పేసింది. "సీటొస్తే చదువుకో. రాకపోతే వైశాఖంలో పెళ్ళి. మధ్యలో ఇంకో మాట లేదు."

అప్పటికి మాఘమాసం నడుస్తోంది. నాకు పెళ్ళంటే పడదని కాదు, కానీ సీటు రానందుకు పెళ్ళి చేసుకోవడమంటే బస్సు తప్పిపోయిందని ఏదో ఒక లారీ ఎక్కినట్టు అనిపించింది. మర్నాడే ఏలూరు వెళ్ళి తాతగారి అరుగు మీద కూలబడ్డాను. "నవలలు కాక ఇంకేం రాశారండీ?" అని అడిగితే, "కుర్రతనంలో పెళ్ళిళ్ళకి పంచరత్నాలు రాసేవాణ్ణమ్మా" అన్నారు. (ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. వధూవరుల్ని దీవిస్తూ పెళ్ళిపందిట్లో చదివే అయిదు పద్యాలు అవి. రంగు కాగితాల మీద అచ్చు వేయించి పంచేవారు. ఒకటి అద్దం కట్టించి గోడకి తగిలించేవారు.) నా గుండె లేచి గంతులేసింది. కాపీలున్నాయా అంటే, "నా దగ్గరెందుకుంటాయి? పెళ్ళివారి దగ్గరుంటాయి" అన్నారు. పోనీ ఆ పెళ్ళివారి పేర్లు? ఆయన కళ్ళు మూసుకున్నారు. "పేర్లు గుర్తులేవు గానీ, అత్తిలిలో పెద్ద అరుగుల ఇల్లు. పనసపొట్టు కూర. ఆవ ఎంత పెట్టాలో అంతే పెట్టారు. మీ గూడెంలో బియ్యం మిల్లు పక్క ఇల్లు. బూరెల్లో యాలకులు మరిచిపోయారు. అన్నిటికంటే ముందు రాసింది కొల్లేటి లంకలో. పెళ్ళి మర్నాడు కొర్రమీను పులుసు పెట్టారమ్మా, చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు."

అలా పేర్లకు బదులు కూరలు రాసుకుని ఇంటికి చేరాను. ముక్కూ మొహం తెలియని ఇళ్ళకి పిల్లని ఒంటరిగా పంపేది లేదని అమ్మ పట్టుబట్టింది. ఉల్లిపాయల వ్యాపారం గుమస్తాకి అప్పగించి నాన్న బండి తీశారు. ఆయనకి లంకల తాతగారి మీద సదభిప్రాయం లేదు. "చేపలు మాట్లాడితే కొల్లేట్లో వల వేసుకునేవాళ్ళు ఏమైపోవాలే?" అనేది ఆయన ఏకైక సాహిత్య విమర్శ. పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళుతూ ఆ చుడీదారేవిటని అమ్మ నాకు పట్టుచీర కట్టింది, తలలో మల్లెపూలు పెట్టింది. ఒకరింటికి ఉత్తి చేతుల్తో వెళతామా అని నాన్న చేతికి అరటిపళ్ళూ మిఠాయి పొట్లం ఇచ్చింది. మేం ముగ్గురం ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళమే. అయినా ఆ వేషాల్లో నాన్నా నేనూ బయలుదేరితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

అత్తిలి బస్టాండు దగ్గర సోడా కొట్టు ఆయన్ని నాన్న, "పనసపొట్టు కూరలో ఆవ బాగా పెట్టే ఇల్లు ఎక్కడండీ?" అని అడిగారు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఆవ అందరూ పెడతారండి. మీకెవరు కావాలో చెప్పండి" అన్నాడు. చివరికి అరుగుల్ని బట్టి ఇల్లు పట్టుకున్నాం. ఆ ఇంటావిడ నన్నూ, నా పూలనూ, నాన్న చేతిలోని పళ్ళనూ వరసగా చూసి, "రండి అన్నయ్యగారూ, రండి! కబురు చేస్తే అబ్బాయి ఇంట్లోనే ఉండేవాడు కదండీ, భీమవరం నుంచి రాగానే పొలం వెళ్ళాడు" అంది. (మా వైపు గుమ్మం తొక్కిన మగవాళ్ళందరూ అన్నయ్యగార్లే కాబట్టి నాన్నకి అనుమానం రాలేదు.) "అబ్బాయితో పని లేదండి, గోడ మీది పద్యాలు చూసుకుని వెళ్ళిపోతాం" అన్నారు నాన్న. "అలాగే చూద్దురుగాని, ఏం తొందర" అంటూ ఆవిడ లోపలికెళ్ళి ఫోను చేసింది. నేను ఫ్రేము ముందు నిలబడి ఒక్కో పద్యం ఫొటో తీస్తున్నాను. మొదటి నాలుగూ మామూలు ఆశీర్వాదాలు. అయిదోదానిలో పెళ్ళికూతురు పంటకాలువ మీదుగా రెక్కల గుర్రమెక్కి అత్తారింటికి వస్తోంది! నవలకంటే ఎంతో ముందు రాసిన రెక్కల గుర్రం! నేను ఒళ్ళు మరిచి చదువుకుంటుంటే వెనకనుంచి ఆవిడ, "వంటొచ్చా అమ్మా?" అని అడిగింది. "అయిదోది అద్భుతంగా వచ్చిందండీ" అన్నాను. ఇంతలో ఎవరో కుర్రాడు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆయాసంగా లోపలికొచ్చాడు. అప్పుడు అర్థమైంది నాకు. నాన్నకి ఇంకా కాలేదు. ఆయన ఆ కుర్రాణ్ణి, "భీమవరంలో ఉల్లి రేటు ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు.

మేం వచ్చింది పద్యాల కోసమని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. "అబ్బాయి నచ్చలేదని చెప్పొచ్చు కదండీ, మేమేం అనుకోం" అని నిష్ఠూరమాడింది. గూడెంలో మిల్లు పక్క ఇంట్లోనూ ఇదే వరస. అక్కడ నన్ను అటూ ఇటూ నడిపించి కూడా చూశారు. (అక్కడి అయిదో పద్యంలో చేప మాట్లాడింది.) ఇక మా ఊళ్ళోనే జరిగింది దాగుతుందా? నాలుగు రోజులు తిరక్కుండానే ఉల్లిపాయల మార్కెట్లో తోటి వర్తకుడొకాయన నలుగురిలో నాన్నని నిలబెట్టి, "పిల్లని వెంటబెట్టుకుని మీరే ఇల్లిల్లూ తిరుగుతున్నారటగా, అంత తొందరేవొచ్చిందండీ?" అన్నాడట. మగపెళ్ళివారు మన గుమ్మంలోకి రావడమే తప్ప, పిల్లని తీసుకెళ్ళి చూపించి రావడం మా వైపు ఎక్కడా లేదు. ఆ రోజు నాన్న అన్నం కలుపుకుని, తినకుండా కూర్చున్నారు. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. పద్యాలూ వద్దు, సీటూ వద్దు, ఎవరినైనా చేసేసుకుంటాను, మానేద్దాం నాన్నా అన్నాను. ఆయన, "ఇప్పుడు మానేస్తే మనం తిరిగింది సంబంధాలకేనని ఖాయమైపోతుందే. నీకు సీటొస్తేనే పద్యాలకని తెలిసేది. రేపు కొల్లేరు వెళుతున్నాం" అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అంతవరకూ సీటు నా అవసరం, ఆ రోజు నుంచి నాన్న పరువు కూడా దానిమీదే ఆధారపడింది.

మర్నాడు చుడీదారే వేసుకున్నాను. పూలు లేవు, పళ్ళు లేవు. చేపల చెరువుల గట్ల మీద బండి నడిపి, చివర కాలువ దాటడానికి పడవెక్కి ఆ లంకకి చేరాం. కొర్రమీను పులుసు ఇల్లు ఊరందరికీ తెలుసు. గుమ్మంలోకి అడుగు పెట్టకుండానే నాన్న గొంతెత్తి, "అమ్మా, ముందే చెబుతున్నానండీ, మేం సంబంధానికి రాలేదు!" అని కేకేశారు. చేట పట్టుకుని బయటికొచ్చిన కోడలు నివ్వెరపోయి, "మా వాడు ఒకటో తరగతండీ" అంది. లోపల్నుంచి ముసలావిడ నవ్వు వినబడింది.

ఆవిడే ఆ పద్యాల పెళ్ళికూతురు. ఫ్రేము వెనకగదిలో ఉంది, అద్దం లోపల చెమ్మ పట్టింది. నాలుగు పద్యాలు అచ్చువి. అయిదోది చేత్తో రాసిన కాగితం ముక్క, అసలుదాని మీద అతికించారు. నా కంటికి ఆనలేదు, నాన్న కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి పైకి చదివారు. పెళ్ళికూతురా, వానాకాలం చుట్టూ నీళ్ళొస్తే పుట్టింటికి ఎలా వెళ్ళాలా అని ఏడవకు, నీ లంకే పడవలా కదిలి నిన్ను మీ అమ్మ వాకిట్లో దించుతుంది అని ఆ పద్యం. "అప్పట్లో మా లంకకి రోడ్డు లేదండి" అంది ముసలావిడ. "పీటల మీద నా ఏడుపు ఆగలేదు. ఆయన చూశారు. చదవబోయేవారల్లా ఆగి, అక్కడే కూర్చుని చివరిది మార్చి రాశారండి." నాన్న ఇంకోసారి చదివారు, ఈసారి మెల్లగా. తేలే లంకలు ఎక్కడ పుట్టాయో దొరికిందని నేను సంబరపడిపోతుంటే కోడలు వంటింట్లోంచే, "గయ్యాళి రాణి ఎక్కణ్ణుంచొచ్చిందో కూడా చెప్పమంటారా అండీ?" అంది. అత్తగారు చేతికర్ర నేలకేసి కొట్టింది. మాకు ఆ పూట అన్నం పెట్టకుండా పంపలేదు. తిరుగు పడవలో నాన్న, "లంక తేలడం వరకూ ఒప్పుకుంటాను. చేప మాట్లాడటం మాత్రం కుదరదు" అన్నారు.

సీటొచ్చింది. నాన్న మార్కెట్టంతా మిఠాయి పంచి, ప్రతి ఒక్కరికీ "పద్యాలకేనండి, పద్యాలకే" అని నొక్కి చెప్పారు. పరిశోధన ముగిసాక ఏలూరు సంబంధం చేసుకున్నాను. (మేం చూసొచ్చిన ఇళ్ళలో ఏదీ కాదు.) తాతగారు అప్పటికి బాగా పెద్దవారైపోయారు, అయినా పంచరత్నాలు నేనే రాస్తానన్నారు. "పనసపొట్టు ఉంటుందా?" అని మాత్రం కనుక్కున్నారు. ఆ అయిదో పద్యంలో పెళ్ళికూతుర్ని సాగనంపే వేళ గూడెం మార్కెట్టంతా కళ్ళు తుడుచుకుంటుంది, తండ్రి మాత్రం "ఉల్లిపాయల ఘాటండీ, అంతే" అంటాడు. అది చదువుతుంటే నాన్న పందిట్లోంచి లేచి వెళ్ళిపోయారు. తాతగారు రాసిన ఆఖరి పద్యాలు అవే. ఇప్పుడు మా ఏలూరు ఇంట్లో హాల్లో ఉన్నాయి.

మొన్న ఆదివారం ఒకాయన వాళ్ళమ్మాయిని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. చక్కటి పిల్ల, చీర కట్టుకుంది, ఆయన చేతిలో ఆపిల్ పళ్ళు. కూర్చోండి అన్నయ్యగారూ అని చెప్పి నేను వంటింట్లోకెళ్ళి స్టవ్వు వెలిగించి, పై వాటాలో ఉండే మా మరిదికి ఫోను చేశాను. "ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి రా. తల దువ్వుకో" అన్నాను. కాఫీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఆ పిల్ల ఫ్రేము ముందు నిలబడి ఫోనుతో ఫొటో తీసుకుంటోంది. "రీసెర్చ్ కోసం మేడం. గైడు గారు ఎవరూ చూడనివి తెమ్మన్నారు" అంది. మెట్ల మీద మా మరిది చెప్పుల చప్పుడు. నాలుగు రోజులుండి వెళదామని వచ్చిన మా నాన్న పడక్కుర్చీలోంచి ఆ తండ్రి వైపు వంగి, "గుమ్మంలోనే గట్టిగా చెప్పాల్సిందండీ. నేనెరుగుదును" అన్నారు. నేను కాఫీ గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చాను. వంటొచ్చా అమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "అయిదోది చదివావా?" అని అడిగాను.